పాకురును సాదిన పిల్ల

మొన్న మా ఇంటికి టైల్స్ వేసే మేస్త్రీ వచ్చాడు. షాబాద్ బండలు పాతబడ్డాయి, వాటి మీద టైల్స్ పరిపించాల్సిందేనని మా కోడలి పట్టు. మేస్త్రీ టేపు పట్టుకొని గదులన్నీ కొలుచుకుంటూ వచ్చి, వంటింటి ముందు వరండాలో, మేమంతా వరుసగా కూర్చొని అన్నాలు తినే చోట ఆగిపోయాడు. వంగి బండను వేలితో తడిమాడు.

“గీ మచ్చలేందమ్మా? బండంత నున్నగున్నది, నడుమ నడుమ గిట్ల మసక మసకగున్నయి. యాసిడ్ గిట్ల పడ్డదా?”

“నిమ్మకాయ నాయనా.”

“నిమ్మకాయకు గిన్ని మచ్చలా? ఎవలో కావాల్నని పిండినట్టున్నది.”

“కావాల్ననే పిండింది,” అన్నాను. నాకు నవ్వు ఆగలేదు. మేస్త్రీ నా వైపు వింతగా చూసి మళ్లీ టేపు లాగాడు. నాకు మాత్రం ఆ రోజంతా ఇంకో పని తోచలేదు.

ఆ పిల్ల పేరు చెప్పను. ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియని మనిషి పేరు అచ్చులో ఎందుకు? అయినా మా ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచింది తక్కువ. బావి గోడలకూ, నీళ్ల గోలేల లోపలా, వాన పడ్డ మెట్ల మీదా పచ్చగా, జారుడుగా పట్టేదాన్ని మా దిక్కు పాకురు అంటారు. మా అత్తమ్మ ఆమెకు పాకురమ్మ అని పేరు పెట్టింది. వాడకట్టంతా అదే పేరు ఖాయమైపోయింది.

డెబ్భైల చివరి మాట. మాది వరంగల్ కాశిబుగ్గలో పాత ఇల్లు. ముందూ వెనకా మగ్గాల ఇండ్లు, పొద్దంతా టకటకమని చప్పుడు. మాకు మాత్రం మా మామగారి కాలం నుంచీ బజారులో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. మేడ మీద ఒక్క అర్ర, దాని ముందు డాబా. ఆ అర్ర కిరాయికి కావాలని ఒక పొద్దున రిక్షా దిగింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నూలు చీర కింద మగపిల్లలు వేసుకునే గుడ్డ బూట్లు. రిక్షావాడు ఆమె ట్రంకుపెట్టెను దించలేక ఆయాసపడుతున్నాడు.

“ఏం పెట్టినవమ్మా గిండ్ల? రాళ్లా?” అన్నాడు.

“ఔ, రాళ్లే. జర మెల్లగ, పలుగుతయి,” అంది.

గడపలో నిలబడ్డ మా అత్తమ్మ ఆ మాట విని వెనక్కి తిరిగి నన్ను చూసింది. “రాళ్లు పలుగుతయని భయపడే మనిషిని గిప్పుడే చూస్తాన,” అంది నా చెవిలో.

ఊరు నెక్కొండ దిక్కు అని, వ్యవసాయం చేసుకునే ఇల్లని, పెద్ద చదువులో రాళ్ల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పింది. అర్రలో నీసు వండొద్దు, దీపాలు పెట్టేలోపు ఇంటికి రావాలి అని అత్తమ్మ షరతులు పెట్టింది. అన్నిటికీ తలూపింది. ఊపుతూనే మా గడప రాతి మీదికి వంగింది. మెడలో నల్లదారానికి ఒక చిన్న గాజుబిళ్ల, భూతద్దం లాంటిది, వేలాడుతుండేది. దాన్ని కంటికి ఆనించుకొని, ముక్కు రాతికి తగిలేంత దగ్గరికి పోయి చూసింది. తర్వాత వేలు నాలుక మీద తడిచేసి రాతిని రుద్దింది. అదింకా నయం. వాకిట్లో పడి ఉన్న రాయిని ఒకదాన్ని తీసి నేరుగా నాకింది.

“ఓ పిల్లా! గదేం పని?”

“తడిస్తె రంగు మంచిగ కనబడ్తది పెద్దమ్మా.”

“నీళ్లు లేవా మా ఇంట్ల?”

అట్లా నాకి చూసే అలవాటు ఎన్నడూ పోలేదు. ఎవరేం పెట్టినా ముందు చూసేది, తర్వాత నాలుకకు తాకించేది, ఆ తర్వాతే మాట్లాడేది.

ఇక నిమ్మకాయ సంగతి. నెల కిరాయితో పాటు మధ్యాహ్నం భోజనం మా దగ్గరే మాట్లాడుకుంది. పప్పులోకి నిమ్మచెక్క వేస్తే సగం పిండుకొని సగం దాచుకునేది. తినడం అయ్యాక జడలోంచి పిన్ను తీసి బండ మీద ఒక చోట గీకేది. గీకిన పొడి మీద చుక్క వేసి, ఒంటి చేతి మీద వాలి, బండకు చెవి ఆనించేది.

“ఏం చేస్తానవే?” అని అత్తమ్మ గరిటె పట్టుకొని వచ్చింది మొదటిసారి.

“ఇంటాన పెద్దమ్మా. సన్నగ బుస్సుమంటాంది. సున్నపు రాయి గిది. లోపల పట్టుకున్న గాలిని ఇడుస్తాంది.”

“నీ గాలి పాడుగాను! మసకబారుతాంది నా బండ!”

“ఇగ చెయ్య పెద్దమ్మా.”

వారం తిరక్కముందే పక్క బండ మీద ఇంకో చుక్క. అత్తమ్మ తిడితే, తల వంచుకొనే అంది: “అన్ని బండలు ఒక్కతీరుంటయా? దేన్ని దాన్ని అడిగి సూడాలె గద.”

మా అత్తమ్మ గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. సామాన్ల దుకాణం వాళ్ల ఇంట్లో గిన్నె మసకగా ఉంటే దుకాణానికి తాళం వేసుకోవాల్సిందేనని ఆమె నమ్మకం. చింతపండు నానబెట్టిన గిన్నె ఒకటి ఎప్పుడూ బావి దగ్గర ఉండేది. మా బావి నీళ్లు ఉప్పునీళ్లు. నీళ్లు కాచే కాగు లోపల తెల్లగా సున్నం పట్టేది. అత్తమ్మ చీర ఎగదోపి, చింతపండుతో కొబ్బరిపీచుతో దాన్ని పట్టి రుద్దితే కాగులో మన మొహం కనపడేది. పని చేసే మనిషి ఉన్నా ఆ రుద్దుడు మాత్రం ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు.

అటువంటి ఇంటి డాబా మీద ఈ పిల్ల పాకురు పెంచడం మొదలుపెట్టింది.

నెలకు ఒకటి రెండు సార్లు తెల్లవారుతూనే నీళ్ల డబ్బాలు పట్టుకొని వెళ్లి సాయంత్రానికి వచ్చేది. ఎక్కడికే అంటే అడవికి అంది. ఆడపిల్ల ఒక్కతే అడవికి పోవడమేమిటని అత్తమ్మ ఒకసారి నన్ను తోడు పంపింది. నర్సంపేట దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పాకాల దిక్కు పోయే ఇంకో బస్సు. దిగి కాలిబాటన చాలా దూరం నడిచాం. కాళ్లు పీకుతున్నాయి నాకు. ఆమె కిందికి చూసుకుంటూ, ఒక్కో రాయి దగ్గర ఆగుతూ, పెళ్లికొచ్చిన చుట్టాలను పలకరించినట్టు నడిచింది.

చివరికి ఒక ఊట. నీళ్లు తేటగా, సన్నగా, మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. ఆ మెట్లు ఎవరూ కట్టినవి కావు. లేత పసుపు రంగు రాయి, దాని మీద పచ్చని పాకురు మఖమల్ గుడ్డలా పరుచుకొని ఉంది.

“చెయ్యి పెట్టక్కా.”

పెట్టాను. పైన మెత్తగా, జారుగా ఉంది. కొంచెం నొక్కితే లోపల రవ్వ రవ్వగా తగిలింది. నీళ్లలో పడ్డ ఒక ఆకు ఈనెలతో సహా రాయైపోయి ఉంది.

“గీ మెట్లు ఎవలు కట్టిన్రనుకుంటానవ్?” అంది కళ్లు మెరుస్తుంటే.

“నాకేం తెలుసే.”

బూట్లు విప్పి, కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చొని చెప్పింది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆమె చెప్పింది ఒక్క ముక్క పోకుండా ఇప్పటికీ చెప్పగలను.

“వాన నీళ్లు మట్టిలకు దిగేటప్పుడు ఆ మట్టిల గాలిని కలుపుకుంటయక్కా. సోడాల ఉంటది సూడు, గా గాలి. మన వరంగల్ రాయి గట్టిది, దానికేం గాదు. గిటు దిక్కు భూమి కింద సున్నపు రాయి ఉన్నది. గా సోడా నీళ్లు దాన్ని జర జర కరిగించుకుంట వచ్చి గీడ బయటపడ్తయి. తేటగనే ఉంటయి. చక్కెర కరిగిన నీళ్లు తేటగుండవా? గట్ల. బయటికి రాంగనె గాలి పోతది. గాలి పోయినంక సున్నాన్ని మోసే బలం నీళ్లకు ఉండదు. ఆడనే దించేస్తయి.”

“మరి నడుమ నీ పాకురేం చేస్తది?”

“గదే గదక్కా మా సారుకు నాకు లొల్లి! పాకురు ఎండల ఆ గాలినే తింటది. దానికి బువ్వ గదే. అది తింటాంది కాబట్టే సున్నం దాని ఒంటి మీద పలుకులు కడ్తాందని నేనంట. సారేమంటడు, నీళ్లు మెట్ల మీదికెల్లి దునికితె గాలి దానంతటదే పోతది, పాకురు ఊకె కూసుంటది, దానికి కూలి ఇయ్యాల్సిన పని లేదంటడు.”

గాజుబిళ్ల నా కంటికి పెట్టింది. పచ్చని దారాలు, మా వాడకట్టు మగ్గం మీది పోగులకన్నా సన్నవి. ఒక్కో దారానికి తెల్లటి పలుకులు గుచ్చినట్టు అంటుకొని, ఎండకు తళుక్కుమంటున్నాయి. నేను పటికబెల్లం అన్నాను. ఆమె చప్పట్లు కొట్టింది.

ఇంటికి వచ్చి అత్తమ్మకూ అదే చెప్పింది. “పటికబెల్లంల దారం ఉంటది సూడు పెద్దమ్మా, దాని సుట్టు పలుకులు కడ్తయి గద. గా దారం లెక్కనే నా పాకురు.”

అత్తమ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తలేదు. “దారం చక్కెరను చేస్తదానే? చక్కెర పాకంల ఉంటది. దారం ఊకె యాలాడ్తది.”

“మా సారు గూడ అచ్చం గిదే అంటడు పెద్దమ్మా! మీరిద్దరు కూడబలుక్కున్నరా?”

“గట్లయితె మీ సారు మంచోడే.”

ఆ చలికాలమే ఆమెకు గడువు. సారు ఖండితంగా చెప్పాడట: శివరాత్రి దాటాక వచ్చి చూస్తాను, పాకురు వల్లనే పలుకు కట్టిందని చూపించలేకపోతే ఈ పని బంద్, వేరే రాయి మీద మొదటినుంచి మొదలుపెట్టుకో అని. అట్లా అయితే ఇంటివాళ్లు ఇక చదివించరని ఆమెకు తెలుసు. పంతులమ్మ కొలువు చూసుకోమని తండ్రి అప్పటికే కబురు మీద కబురు పంపుతున్నాడు.

డాబా పిట్టగోడ మీద గాజు జాడీలు వరుసగా పెట్టింది. అన్నిటిలో ఆ ఊట నీళ్లే, అన్నిటికీ మూతలే. కొన్నిటిలో బతికిన పాకురు, ఎండలో. కొన్నిటిలో అదే పాకురు, కానీ పాత గొడుగు నల్లగుడ్డ చుట్టి చీకట్లో. కొన్నిటిలో ఉడకబెట్టి చంపిన పాకురు, ఎండలోనే.

“జాడీలల్ల నీళ్లు ఏడికి దునకయి గదక్కా. మూత ఉన్నది. గాలి పోవాల్నంటె పాకురు తినాలె, ఇంకో తొవ్వ లేదు. ఎండల ఉన్న పచ్చదానికి పలుకు కట్టి, చీకట్ల ఉన్నదానికి, సచ్చినదానికి కట్టకపోతె, గప్పుడు సారు పాకురుకు కూలి ఇయ్యాల్సిందే.”

వాడకట్టు ఆడవాళ్లు వంతులేసుకొని చూసిపోయారు. “మేం బావిల పాకురు గీకలేక సస్తానం, ఈమె నీళ్లు పోసి సాదుతాంది,” అని నవ్వారు. ఆమెకు కోపం రాలేదు. పొద్దున్నే లేచి జాడీలను ఎండ వచ్చే దిక్కుకు జరిపేది, వాటితో ఏదో గొణిగేది. ఏమైనా కనపడిందా అని ఎవరడిగినా ఒకటే జవాబు: “జర ఎండ పడనీయిండ్రి.” మా ఇంటాయన దుకాణంలో గిరాకీ లేదని విసుక్కున్నా అదే, మా చిన్నోడు లెక్క రాక ఏడ్చినా అదే. “జర ఎండ పడనీ.”

సంక్రాంతి దాటేసరికి పచ్చ జాడీల గోడలకు లోపల తెల్లగా, సన్నటి పొర కనపడింది. ఆ పొద్దున ఆమె మెట్లు దిగలేదు, దునికింది. “పెద్దమ్మా, పలుకు కడ్తాంది!” అని అత్తమ్మను చుట్టేసుకుంది. అత్తమ్మ “మడి బట్ట, మడి బట్ట!” అని అరుస్తూనే ఆమె వీపు నిమిరింది. ఆ తర్వాత ఆమెకు పప్పులో నెయ్యి కాస్త ఎక్కువే పడేది.

శివరాత్రి అయింది. సారు వచ్చే ముందు రోజు. ఆయనకు పక్కనే పెట్టి చూపించడానికి ఊట దగ్గరి తాజా పాకురు తెస్తానని ఆమె తెల్లవారి బస్సుకే పోయింది. మా చిన్నోడికి జ్వరంగా ఉందని నేను దవాఖానకు పోయాను. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది.

నేను సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ పిల్ల కూడా అప్పుడే డబ్బా మోసుకుంటూ వాకిట్లోకి వచ్చింది. ఇద్దరం కలిసే డాబా ఎక్కాం. పిట్టగోడ మీద జాడీలు వరుసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కొక్కటీ వాన వెలిసిన తర్వాత ఆకాశంలా ఉంది. సందెపొద్దు వాటిలోంచి దూరి గోడ మీద ఎర్రగా పడుతోంది. నల్లగుడ్డలు ఉతికి తాడు మీద ఆరేసి ఉన్నాయి.

ఆమె డబ్బా కింద పెట్టింది. ఒక జాడీ తీసి గాజుబిళ్లతో లోపల చూసింది. మళ్లీ చూసింది. తర్వాత జాడీ అంచును నాలుకతో తాకింది.

“చింతపండు,” అంది.

అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ సంబురంగా పైకి వచ్చింది. “వచ్చినవా బిడ్డా? రేపు మీ సారు అస్తాండంటివి. మధ్యాహ్నం జాడీలు సూద్దును గద, ఒక్కోటి సున్నం పట్టి గుడ్డి కన్ను లెక్కున్నది! సామాన్లోళ్ల ఇంట్ల గిట్ల పెడ్తరా అని ఆయన అనుకోడా? రెక్కలు పడిపోయినయనుకో. ఇగ సూడు ఎట్ల మెరుస్తానయో. తడి పాకురంత కరివేపాకు చెట్టు మొదట్ల పోసిన, మళ్ల కావాల్నంటె తెచ్చుకుంటవు గద.”

“పలుకు కడ్తాంది అని చెప్తిని గద పెద్దమ్మా,” అంది ఆ పిల్ల. గొంతు పెరగలేదు.

“పలుకులంటె పటికబెల్లం లెక్క ఉంటయంటివి గదనే! గిది కాగుకు పట్టే సున్నం గద...” అంటూనే అత్తమ్మ ఆగిపోయింది. జాడీల వైపు చూసింది, తన చేతుల వైపు చూసింది. చింతపండుకు వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. “గదేనా?” అంది.

“గదే.”

ఆ పిల్ల కిందికి దిగి కరివేపాకు చెట్టు దగ్గర గొంతుకూర్చొని, మట్టిలో కలిసిన పాకురును వేళ్లతో ఏరి ఒక గిన్నెలో వేసుకుంది. తర్వాత అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. రాత్రి అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. అత్తమ్మ కూడా కంచం ముందు నుంచి లేచిపోయింది. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను, ఆమె చింతపండు గిన్నెను బావి దగ్గర్నుంచి తీసి అటక మీద పెట్టడం ఆ రోజే చూశాను.

మర్నాడు పొద్దున చూస్తే జాడీలన్నీ మళ్లీ నిలబడి ఉన్నాయి. లోపల ఊట నీళ్లు, కాస్త కాస్త పాకురు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. “సారుకు ఏం చెప్తవే?” అన్నాను.

“ఏం చెప్తనక్కా. కడిగినయి కడిగినయే అని చెప్త.”

సారు పెద్దాయన, మెత్తటి మనిషి. చెప్పులు బయటే విప్పి వచ్చాడు. కుర్చీ వేసి చాయ ఇచ్చాం. ఆ పిల్ల నోరు తెరవబోయే లోపలే అత్తమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

“సారూ, పిల్లను ఏమనకుండ్రి. అన్ని చేసి పెట్టింది. నేనే తోమిన. చింతపండు పెట్టి తోమిన.”

సారుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, నవ్వాలో వద్దో తెలియని మొహంతో అడిగాడు: “అన్నీ మీరే తోమారామ్మా? ఒక్కరే?”

“ఇంకెవలు తోముతరు? నేను ఒగలకియ్య.”

“అన్నీ ఒకేలా రుద్దాల్సి వచ్చిందా?”

అత్తమ్మ ఆలోచించింది. “లేదు సారూ. నల్లగుడ్డ సుట్టినయి ఊకె నీళ్లు పోసి తిప్పితె పోయినయి. ఎండల పచ్చగున్నయి సూడుండ్రి, నా ప్రాణం తీసినయి. గోడలకంత గరుకు గరుకు.”

ఆ పిల్ల తలెత్తింది. మొహంలోకి రక్తం వచ్చింది.

“ఉడకబెట్టినవి?” అన్నాడు సారు.

ఈసారి అత్తమ్మ ఆ పిల్ల మొహం చూసింది. ఆ పిల్లకు ఏ జవాబు కావాలో ఆమెకు తెలుసు. చచ్చిన పాకురుకు కట్టదు అని చెప్పిన మాట ఆ ఇంట్లో అందరం విన్నదే.

“దానికి గూడ ఉండె సారూ,” అంది మెల్లగా. “పచ్చదానికున్నంత లేదు. గని ఉండె. అబద్ధమెందుకు చెప్పాలె.” ఆ పిల్ల వైపు తిరిగి, “ఉండె బిడ్డా,” అంది.

నేనైతే అంతా అయిపోయిందనుకున్నాను. ఆ పిల్ల మాత్రం లేచి వచ్చి అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

“ఏడ ఉండె పెద్దమ్మా? గోడలకా, అడుక్కా?”

“అడుక్కే. కుళ్లి కూసున్నది సూడు, గా జిగురు మీద. రవ్వ లెక్క.”

“గోడలకు అసల్కే లేదా?”

“లేదు.”

ఆమె సారు వైపు తిరిగింది. ఇద్దరూ ఇంగ్లీషులో పడ్డారు. చాయ చల్లబడి మీగడ కట్టింది. ఆయన కాదంటాడు, ఈమె ఔనంటుంది. ఈమె కాదంటుంది, ఆయన ఔనంటాడు. అత్తమ్మ గుమ్మానికి ఆనుకొని, తన మీద పడ్డ కేసు ఎటు తేలుతుందో తెలియని మనిషిలా ఒకసారి ఆయన్నూ ఒకసారి ఈమెనూ చూసింది. చివరికి సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

“పెద్దమ్మ చేతులు చెప్పిన సంగతి పరిశోధనలో రాయలేమమ్మా. నువ్వూ ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను.”

“ఒప్పుకోను సార్.”

“కాబట్టి మళ్లీ చెయ్యి. ఇంకో చలికాలం ఇస్తాను. మీ నాన్నకు నేను చెప్తాను.” లేచి చెప్పులు వేసుకుంటూ అత్తమ్మతో అన్నాడు: “అప్పటిదాకా చింతపండు కాస్త...”

“అటక మీద ఉన్నది సారూ,” అంది అత్తమ్మ.

రెండో చలికాలం ఆ జాడీలకు అత్తమ్మే కావలి. మోకాళ్ల నొప్పి అని గుడికి పోవడం మానేసిన మనిషి, ఎండ జరిగినప్పుడల్లా మేడ ఎక్కేది. పిల్లలు బంతి ఆడితే కర్ర పట్టుకొని తరిమేది. చూడవచ్చిన వాడకట్టు వాళ్లు ముట్టబోతే, “చేతులు దూరం పెట్టున్రి, పలుకు కడ్తాంది,” అనేది. ఏమైనా కనపడిందా అంటే, “జర ఎండ పడనీయిండ్రి,” అనేది.

ఈసారి ఎవరూ తోమలేదు. అత్తమ్మ చేతులు చెప్పిందే తేలింది. ఆ పిల్ల మాకు చెప్పిన మాట ఇది: “పాకురు బతికి ఉన్నప్పుడు గాలి తిని సున్నాన్ని నీళ్లల్లకెల్లి దించుతది పెద్దమ్మా. గంత వరకు నా మాటే. గని దాని ఒంటికి జిగురుంటది సూడు, గది జరంత సున్నాన్ని కరుసుకొని పట్టుకుంటదనుకుంటాన. బతికున్నన్ని దినాలు ఇడువది. సచ్చి కుళ్లినంక ఇడుస్తది. గప్పుడు దాని మీదనే మళ్ల పలుకు కడ్తది. తరువాత లోపలి దారం గూడ పోతది, సుట్టూ రాయి మిగుల్తది, నడుమ సన్నటి బొక్కతోటి.”

“అంటె బతికి సగం పని, సచ్చి సగం పనా?” అంది అత్తమ్మ.

“గట్లనే అనుకో.”

“మరి మీ సారేమంటడు?”

“సగం ఒప్పుకున్నడు. సగం కూలి ఇస్తడట.”

ఆ సగంతోనే ఆమె పని నిలబడింది, పట్టా వచ్చింది. ఆ వెనకే దూరాన వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. పోయే ముందు రోజు అర్రంతా తానే కడిగింది. వరండాలో మచ్చల దగ్గర కూడా కూర్చొని చాలాసేపు రుద్దింది. మసక పోలేదు.

“నా బండలు నాకు సాపు చేసిచ్చి పో,” అంది అత్తమ్మ, కోపం తెచ్చిపెట్టుకొని.

“గది పోదు పెద్దమ్మా. తిన్న రాయి మళ్ల రాదు.”

రిక్షాలో ట్రంకుపెట్టె పెట్టించింది. అత్తమ్మ కాళ్లకు మొక్కింది. మొక్కి లేస్తూ, అలవాటున గడప రాతిని ఒకసారి చేత్తో తడిమింది. సందు మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. తర్వాత రెండు మూడేండ్లు దసరాకు ఉత్తరం రాసి పలకరించింది. ఆపైన ఏ కబురూ లేదు. మేమూ వెతకలేదు. ఎక్కడని వెతుకుతాం?

మేస్త్రీకి టైల్స్ వేసుకోమని ఒప్పుకున్నాను. కోడలి ముచ్చట కాదనడం ఎందుకు? కానీ వరండాలో గోడవారగా ఉన్న ఒక్క బండను మాత్రం ముట్టవద్దన్నాను. “గదొక్కటి ఇడిస్తె బాగుండదమ్మా, ఎగుడుదిగుడైతది,” అని వాడు వాదించాడు. కానీయ్, ఎగుడుదిగుడుగానే ఉండనీ అన్నాను. దాని మీద ఉన్నది ఒకే ఒక్క మచ్చ. అది పాకురమ్మ చేసింది కాదు.

ఆమె వెళ్లిన రోజు మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. అలవాటున ఆమెకు కూడా విస్తరి వేసి, మళ్లీ తీశాను. పక్కిండ్లలో మగ్గాలు అన్నాల వేళకు ఆగి, వీధంతా నిశ్శబ్దంగా ఉంది. అత్తమ్మ పప్పులో నిమ్మచెక్క సగం పిండుకొని, సగం పక్కన పెట్టింది. తిన్నాక కొప్పులోంచి పిన్ను తీసింది. తన ముందున్న బండను గీకింది. ఆమె బండ, ఆమె పరువు, అద్దంలా ఉంచుకున్న బండ. గీకిన చోట ఒక చుక్క వేసి, మోకాళ్ల నొప్పికి మూలుగుతూ వంగి, చెవి ఆనించింది.

“ఏం చేస్తాన్రు అత్తమ్మా?” అన్నాను.

చెయ్యెత్తి నన్ను ఆపింది.

“ఊకో,” అంది, చెవి తియ్యకుండానే. “చెప్తాంది.”